పడమటి కిటికీలకు డబుల్ గ్లాస్ దండగేనా?

కొత్తపేట_వాసి:
హైదరాబాద్‌లో మాది 90ల్లో కట్టిన ఇల్లు, మొదటి అంతస్తు. పడకగదికి పడమటి వైపు రెండు కిటికీలున్నాయి. ఒక్కోటి అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. టేకు చట్రం, టేకు రెక్కలు, మామూలు తెల్లద్దం, ఇనుప ఊచలు. ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటిందంటే ఒకటిన్నర టన్ను ఏసీ ఆగకుండా నడుస్తుంది, గది మాత్రం చల్లబడదు. ఒక షాపువాళ్లు వచ్చి కొలతలు తీసుకుని, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్‌లో డబుల్ గ్లాస్ వేయిస్తే కరెంటు బిల్లు సగానికి పడిపోతుందన్నారు. రెండింటికీ కలిపి కొటేషన్ 50 వేలు దాటింది. మా వడ్రంగి మేస్త్రి ఏమో "ఇలాంటి టేకు ఇప్పుడు కొనగలమా సార్, ముట్టుకోవద్దు" అంటాడు. మా ఆవిడ షాపువాళ్ల పక్షం. మీరైతే ఏం చేస్తారు?

డాలస్_తెలుగోడు:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? మార్చేయండి. ఇక్కడ టెక్సాస్‌లో కొత్తిళ్లకు సింగిల్ గ్లాస్ అన్న మాటే వినపడదు. మేం మొన్నీమధ్యే పాతవి పీకించి కొత్తవి వేయించాం, హాల్లో తేడా ఒంటికి తెలుస్తోంది. ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ కింద కిటికీల ఖర్చులో 30 శాతం, 600 డాలర్లకు మించకుండా వెనక్కి వచ్చేది. 2025 డిసెంబర్ 31తో అదీ ఆపేశారు. అయినా మార్చేవాళ్లు మారుస్తూనే ఉన్నారు. ఇండియాలో ఇంకా టేకు సెంటిమెంట్ దగ్గరే ఆగిపోయామా?

చిత్రిక:
సెంటిమెంట్ కాదు బ్రదర్, సరుకు గురించి మాట్లాడుతున్నాం. చెక్క గుండా వేడి పెద్దగా ప్రయాణించదు. ఆ విషయంలో యూపీవీసీకి టేకు ఏమీ తీసిపోదు. వేడికి దారిచ్చేది అల్యూమినియం చట్రం. ఆయన కిటికీలో తప్పున్నది అద్దంలో, రెక్కల సందుల్లో. దానికి చట్రం మొత్తం గోడ నుంచి పెకలించడం ఎందుకు? పెకలిస్తే చుట్టూ ప్లాస్టరింగ్ ఊడుతుంది, లోపల కట్ట పగులుతుంది, ఊచలు చట్రంతోపాటే పోతాయి. కొత్త గ్రిల్, మేస్త్రి కూలి, పెయింటింగ్... ఇవేవీ ఆ 50 వేలలో ఉండవు. అడిగి చూడండి.

ఇంజినీరమ్మ:
కొత్తపేట గారూ, "బిల్లు సగం" అన్న మాట పక్కన పెట్టి ఒకసారి లెక్క చూద్దాం. మీ కిటికీ ఒక్కోటి దాదాపు 1.86 చదరపు మీటర్లు. బయట 42 డిగ్రీలు, లోపల 26 అనుకోండి. తేడా 16. ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు అద్దం ఎన్ని వాట్ల వేడిని దాటనిస్తుందో చెప్పేది యూ వాల్యూ. మామూలు సింగిల్ అద్దానికి అది 5.8 దాకా ఉంటుంది, అంటే అద్దం గుండా పాకి వచ్చే వేడి సుమారు 170 వాట్లు. తెల్లద్దాలే రెండు వేసి మధ్యలో గాలి ఉంచిన డబుల్ గ్లాస్ యూ వాల్యూ 2.8. అప్పుడు 85 వాట్లలోపు. షాపువాళ్లు చూపించేది ఈ సగమే.

కానీ సాయంత్రం పడమటి గోడ మీద నేరుగా పడే ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు వేసుకున్నా, తెల్లద్దం అందులో 82 శాతం లోపలికి వదిలేస్తుంది. ఒక్క కిటికీకే 900 వాట్ల పైన! కిలోవాట్ హీటరు ఆన్ చేసుకుని పక్కన ఏసీ వేసుకున్నట్టే. తెల్లద్దాల డబుల్ గ్లాస్ వేసినా 70 శాతం వస్తుంది, అంటే 780 వాట్లు. మొత్తం మీద తగ్గేది అయిదో వంతు. ఎండలో ఎంత శాతం వేడిగా లోపలికి వస్తుందో చెప్పే ఈ అంకెనే ఎస్‌హెచ్‌జీసీ అంటారు. సోలార్ కంట్రోల్ లో-ఈ పూత (ఎండ వేడిని తిప్పికొట్టే పల్చటి లోహపు పొర) ఉన్న డబుల్ గ్లాస్‌లో అది 0.3 దాకా, అంటే 30 శాతానికి దిగుతుంది. అప్పుడు ఎండ 335 వాట్లు, పాకి వచ్చేది 50 చిల్లర. కాబట్టి అడగాల్సింది ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని. అద్దాలు ఎన్ని అన్నది ఆ తర్వాత. ఆ అంకె కాగితం మీద రాసివ్వని షాపుకు అడ్వాన్స్ ఇవ్వకండి.

డాలస్ గారూ, మీ కిటికీలకు అంటించి వచ్చిన ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ (కిటికీలకు రేటింగ్ ఇచ్చే అమెరికా సంస్థ) స్టిక్కర్ చూడండి. అందులో యూ ఫ్యాక్టర్, అంటే యూ వాల్యూ, పక్కనే ఈ అంకె కూడా ఉంటుంది. ఇంధన పొదుపు గుర్తింపునిచ్చే ఎనర్జీ స్టార్ వాళ్లు మీ దక్షిణాది జోన్లకు ఎస్‌హెచ్‌జీసీ 0.23 మించకూడదన్నారు. మీకు కలిసొచ్చింది ఎక్కువగా అదే. పైగా మీకు చలికాలం కూడా ఉంది. బయట మైనస్ అయిదు, లోపల 21 ఉన్న రోజు తేడా 26 డిగ్రీలు, అదీ రాత్రంతా. కొత్తపేటలో 16 డిగ్రీల తేడా ఉండేది ఎండాకాలం మధ్యాహ్నం ఆ కాసేపే.

బెజవాడ_బాబాయ్:
అమ్మాయ్, లెక్క బాగా చెప్పావు. కానీ ఎండ గదిలోకి వచ్చాక దాన్ని తన్నే బదులు గుమ్మంలోనే ఆపొచ్చుగా? కిటికీ బయట వెదురు తెర వేలాడదీస్తే అయిపోయె. లోపల కట్టే కర్టెన్ ఎంత మందమైనా అంతగా ఆపలేదు, వేడి అప్పటికే అద్దం దాటేసింది. మా చిన్నప్పుడు పడమటి వరండాలకు తడికెలు దించి నీళ్లు చల్లేవాళ్లు. వట్టివేళ్ల తడికెలు మీ హైదరాబాద్ పొడి ఎండకు ఇంకా బాగా పనిచేస్తాయి. మా కృష్ణ ఒడ్డున ఉక్కపోతకు అవి పనికిరావు, ఇంకాస్త తేమ పెంచుతాయి.

ఇంకోమాట. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. రాత్రి కరెంటు పోతే అప్పుడు తెలుస్తుంది డబుల్ గ్లాస్ సుఖం!

కొత్తపేట_వాసి:
బాబాయ్ గారూ, పైన రెండడుగుల సన్‌షేడ్ ఉందండి. అది చాలదా?

ఇంజినీరమ్మ:
పడమరకు చాలదు. మే నెల మధ్యలో హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దాదాపు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీ రెండడుగుల సన్‌షేడ్ నీడ కిటికీ మీద ఒకటిన్నర అడుగు కూడా దిగదు. అయిదింటికి అడుగు కూడా ఉండదు. మిగతాదంతా ఎండే. సన్‌షేడ్ బాగా పనిచేసేది దక్షిణానికి. అసలు మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, దక్షిణపు కిటికీల మీద నేరుగా ఎండే పడదు. అక్కడ కూడా డబుల్ గ్లాస్ వేయించుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

తెరుచుకునే వైశాల్యం గురించి బాబాయ్ గారు చెప్పింది ముఖ్యమైన పాయింటు. ఇళ్ల ఇంధన పొదుపు కోసం 2018లో కేంద్రం తెచ్చిన కోడ్ ఎకో నివాస్ సంహితలో ఉక్కపోత ప్రాంతాలకు నేల వైశాల్యంలో 16.66 శాతం తెరుచుకునే కిటికీలుండాలని ఉంది, హైదరాబాద్ లాంటి చోట్లకు 12.5. రెండు రెక్కల స్లైడింగ్‌ను సగంగానే లెక్కిస్తారు, రెక్క తెరిచే కేస్‌మెంట్‌ను 90 శాతంగా.

అద్దాల_అన్న:
నేను ఈ పనిలోనే ఉన్నా, ముందే చెప్తున్నా. మేడం లెక్కతో నాకు పేచీ లేదు. కానీ అందరూ వేడి ఒక్కటే మాట్లాడుతున్నరు. పాత రెక్కకు, చట్రానికి మధ్య వానాకాలం తర్వాత సందు వస్తది, అందులోంచి ఏసీ గాలి పోతది, దుమ్ము వస్తది. కేస్‌మెంట్‌లో చుట్టూ ఈపీడీఎం రబ్బరు, రెండుమూడు చోట్ల లాక్, మూసిండంటే బస్సు హారన్ కూడా తగ్గుతది. వెదురు తెర అవన్నీ చేస్తదా? గాలిదుమారం వస్తే ఆ తెర పక్క వీధిలో ఉంటది.

అయితే ఒకటి నిజం. మా లైన్‌లో చదరపు అడుగు రేటు తగ్గించాలంటే ముందు కోసేది ప్రొఫైల్ (యూపీవీసీ చట్రం గొట్టం) లోపలి స్టీలునే. కస్టమర్‌కు కనపడదు కదా. ముక్క కోసి చూపించమని అడగండి. డబుల్ గ్లాస్ సీలు చెడితే రెండద్దాల మధ్య ఆవిరి పడుతుంది. అది తుడిచేది కాదు, అద్దం మొత్తం మార్చాల్సిందే. వారంటీలో సీలు ఉందో లేదో రాయించుకోండి.

చిత్రిక:
సందులకు రబ్బరు పట్టీ టేకు రెక్కలకు కూడా అంటించొచ్చు అన్నా. రెక్కను కాస్త చిత్రిక పట్టి, అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ తీసి, అదే గాడిలో సోలార్ కంట్రోల్ సింగిల్ అద్దం వేస్తే ఎస్‌హెచ్‌జీసీ 0.4, 0.5 వాటిల్లో దొరుకుతుంది. ఖర్చు అద్దానిది, ఒక పూట కూలిది. గాడి లోతు చూసుకోవాలి. పాత 4 మిల్లీమీటర్ల అద్దం ఉన్నచోట 6 పట్టాలంటే బీడింగ్ సన్నం చేయాలి, బరువుకు మడతబందులు కూడా మార్చాలి.

డాలస్_తెలుగోడు:
సరే, ఎస్‌హెచ్‌జీసీ మాట ఒప్పుకుంటున్నా. కానీ ఇంట్లో ఉండేది ఇంకో ఇరవై ఏళ్లు కదా, ఒకేసారి మంచిది వేయించుకుంటే డబ్బు తిరిగి రాదా?

ఇంజినీరమ్మ:
డబ్బు పరంగా రాదండి. రెండు కిటికీలకూ మంచి లో-ఈ డబుల్ గ్లాస్ వేసినా, పడమటెండ పడే నాలుగు గంటల్లో ఆగే వేడి మూడు నాలుగు యూనిట్లు. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడింతల పైన వేడిని తోసేస్తుంది. అంటే మిగిలేది రోజుకు యూనిట్, యూనిట్‌ంబావు. వంద రోజుల ఎండాకాలం, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఏడాదికి వెయ్యి చిల్లర. 50 వేలు ఎప్పటికి రావాలి?

కానీ సుఖం సంగతి వేరు. ఎండకు కాగిన అద్దం పక్కన మంచం ఉంటే, గాలి 26 ఉన్నా ఒళ్లు కాలుతున్నట్టే ఉంటుంది, అందుకే రిమోట్ తీసి 20కి దించుతాం. ముదురు రంగు అద్దాలతో కూడా ఇదే గొడవ. ఎండను అవే పీల్చుకుని, వేడెక్కి గదిలోకి కక్కుతాయి. సుఖం కోసం ఖర్చు పెడతానంటే కాదనను, బిల్లు కోసమైతే వద్దు.

కొత్తపేట_వాసి:
అందరికీ థాంక్స్. షాపుకు ఫోన్ చేసి ఎస్‌హెచ్‌జీసీ అడిగితే "అది జర్మన్ టెక్నాలజీ సార్" అన్నారు! ఈ ఎండాకాలానికి బయట తెరలు, రెక్కలకు రబ్బరు. మంచం వైపు కిటికీ ఒక్కదానికి మాత్రం కేస్‌మెంట్, లో-ఈ. మా ఆవిడ అక్కడికి ఒప్పుకుంది. రెండోదాని టేకు అలాగే ఉంటుంది.

బెజవాడ_బాబాయ్:
ఆ తెరలకు కింద కూడా కొక్కేలు పెట్టించు. అద్దాల అన్న చెప్పిన గాలిదుమారం ఒక్కటే ఒప్పుకుంటున్నా.

అద్దాల_అన్న:
లో-ఈ వేయిస్తే బిగించే రోజు దగ్గరుండండి. పూత బయటి అద్దానికి లోపలి ముఖం మీద ఉండాలి. లేబర్ తిప్పి బిగిస్తే అది లోపలి అద్దం మీదికి పోతది, ఎండ ఎక్కువ లోపలికొస్తది. చూసే పద్ధతి సులువు. సాయంత్రం చీకటి పడ్డాక బయట నిలబడి అద్దం దగ్గర లైటర్ వెలిగించండి. నాలుగు మంటలు కనపడతాయి. అందులో ఒకటి వేరే రంగులో ఉంటది. మీ వైపు నుంచి లెక్కపెడితే అది రెండోది కావాలి. మూడోదైతే బిల్లు కట్టొద్దు.