అప్‌డేట్: పాలిష్ చేసిన నాణెం పంపిన విక్రేతకు చివరికి ఇచ్చిన రేటింగ్

పాలిష్ చేసిన సంగతి చెప్పకుండా పాత వెండి నాణెం పంపిన ఆన్‌లైన్ విక్రేతకు ఒక్క స్టార్ ఇవ్వడం న్యాయమేనా అని ఇదివరకు అడిగాను. ముందు ఆయనకే రాయమన్న మీ సలహా పాటించాను.

బరువు, వ్యాసం సరిపోయాయి కనుక అది నకిలీ అనిపించలేదు. అయితే దీపం కింద ఏటవాలుగా తిప్పి చూస్తే పాలిష్ చేసిన గుర్తుగా, ఒకే దిశలో సాగిన సన్నని గీతలు కనిపించాయి. నేరుగా పడే వెలుతురులో తీసిన ఆయన ఫొటోల్లో అవి పడే అవకాశం తక్కువ. నాణెం స్థితికి 1 నుంచి 70 వరకు అంకె వేసే షెల్డన్ స్కేలుపై ఒకటి రెండు అంకెల తేడా వస్తే అది అభిప్రాయభేదమే గనుక దానికి స్టార్లు తగ్గించడం నాకు సబబుగా తోచదు, కానీ పాలిష్ చేసిన నాణేనికి గ్రేడింగ్ సంస్థలు సాధారణంగా పూర్తి గ్రేడు ఇవ్వవు కాబట్టి ఆ విషయం వివరణలో ఉండి తీరాలి.

ఫొటోలు పంపగానే ఆయన వాదించకుండా, తిరుగు పోస్టు ఖర్చుతో సహా డబ్బు వాపసు చేశారు. పార్సిల్ కూడా ఆలస్యంగా వచ్చింది, కానీ ఆ తప్పు కొరియర్‌దేనని ట్రాకింగ్‌లో తేలింది. కోపంలో దాన్నీ ఆయన ఖాతాలో వేశానని ఒప్పుకుంటున్నాను. చివరికి మూడు స్టార్లు ఇచ్చి, వివరణలోని లోపాన్నీ వాపసు తీరునూ రెండింటినీ రాశాను.