సమస్య: “మొక్కు దీర్చె నతడు మొక్కుబడిగ”

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య ఒక వార్తలోంచి పుట్టింది. తిరుపతి గంగజాతర మొదలయ్యాక ఒక పత్రిక జిల్లా పేజీలో “తొలిరోజు భక్తులు మొక్కుబడిగా బైరాగి వేషాలు వేశారు” అని వచ్చింది. మా వీధి కుర్రాడొకడు ఆ పేపరు తెచ్చి చూపించాడు. ఒంటినిండా నామంసుద్ద పూసుకుని, ఎండలో చెప్పుల్లేకుండా తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా నడిచినవాడు. మోచేతి దగ్గర సుద్ద ఎండి పెచ్చులు రాలుతోంది. “నేను మొక్కుబడిగా వేసినానా అన్నా?” అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మొక్కుకున్నాడు గనకే వేశాడు. విలేకరి మాట తప్పనడం ఎట్లా? ఒప్పనడం మాత్రం ఎట్లా?

పైన ఇచ్చింది ఆటవెలది పద్యం నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రల అక్షరగుంపులే. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించండి. ఆ మాట సంగతీ తేల్చండి.

చంద్రగిరి మాస్టారు:
చీర గట్టి పూలు సిగలోన తురిమియు
వేపమండ బట్టి వీధి తిరిగి
గంగతల్లి యెదుట కడచిన యేటిదౌ
మొక్కు దీర్చె నతడు మొక్కుబడిగ

నా దృష్టిలో విలేకరిది సరైన మాటే. పలుకు నుంచి పలుకుబడి, రాక నుంచి రాబడి, పెట్టడం నుంచి పెట్టుబడి వచ్చినట్టే మొక్కు నుంచి మొక్కుబడి. దాంట్లో అలసత్వం ఎక్కడుంది?

పుత్తూరు అమ్మాయి:
మాస్టారూ, మగవాళ్లు చీర కట్టే మొక్కు కళ్లకు కట్టింది. చీకి సి, వేకి వీ, గంకి క, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం) కుదిరాయి. కానీ “మొక్కు తీర్చాడు, మొక్కుగా” అంటే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు కదండీ! పాదంలో రెండు మొక్కులూ ఒకటే అయిపోతే సమస్య విడిపోలేదు, పక్కకు జరిగిందంతే.

నగరి కుర్రోడు:
ఫోను చేత బట్టి ఫోటోలు దిగుచును
మాటిమాటి కద్దమందు జూచి
తోటి వేషమేసి తొందరగా వెళ్లి
మొక్కు దీర్చె నతడు మొక్కుబడిగ

నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే. ఇంట్లో, బడిలో, టీవీలో విన్నదీ ఇదే. “మొక్కుబడిగా సమావేశం”, “మొక్కుబడిగా తనిఖీలు”. పేపరు చదివేవాళ్లలో నాలాంటివాళ్లే ఎక్కువ.

నిర్వాహకుడు:
నగరి తమ్ముడూ, రెండో పాదం చాలా బాగుంది. అద్దమందు అనే మాట గణం దగ్గర విరిగినా నడక విరగలేదు. మూడో పాదంలో “వేషమేసి” అని చదువుతుంటే “మేసి” అన్నదే చెవిన పడుతోంది. జాతరలో బొగ్గుపొడి పూసుకునే తోటి వేషమే కాబట్టి “తోటి వేషగాడు” అంటే సరిపోతుంది, గణాలు మారవు. వార్త విషయంలో మాత్రం నీ వాదన బరువైనదే. మాట పుట్టుక పాఠకుడికి అక్కర్లేదు, అతనికి చేరిన అర్థమే లెక్క.

అలిపిరి కొత్త సభ్యుడు:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

కొండ యెక్కి వచ్చి కోర్కెలు దీరగా
నిలువుదోపిడనుచు మనసు తీర
మేని నగల నెల్ల మెల్లగా నొలుచుచు
మొక్కు దీర్చె నతడు మొక్కుబడిగ

పుత్తూరు అమ్మాయి:
గణాలు అన్నీ సరిగ్గా పడ్డాయి, మొదటి ప్రయత్నానికి ఇది చిన్న సంగతి కాదు. రెండో పాదంలో యతి తప్పింది. నికి మ కుదరదు. “నిలువుదోపిడనుచు నిండు మదిని” అని మార్చుకోండి. ఆ “మెల్లగా” మాత్రం అసలు వదులుకోకండి. వేలికి బిగిసిన ఉంగరాన్ని తిప్పి తిప్పి తీస్తున్నట్టు ఉంది.

రిటైర్డ్ సబెడిటర్:
నిలువుదోపిడి అన్నారు కాబట్టి నేనూ నోరు విప్పుతాను. స్వామికి ఒంటిమీది నగలన్నీ ఒలిచి ఇచ్చే మొక్కు అది. డెస్కులో కూర్చుని “ప్రయాణికుల నిలువుదోపిడీ” అని నేనే ఎన్నోసార్లు హెడ్డింగ్ పెట్టాను. తిరుపతిలో ఉంటూ! అదొక్కటేనా? తల మీద పెట్టి దీవించే శఠగోపం మోసమైంది. నామాలు పెట్టడం ఎగ్గొట్టడమైంది, గుండు కొట్టడం మోసగించడమైంది. పోయిన డబ్బుకి “గోవిందా” అంటాం. తంతు, తూతూమంత్రం కూడా పూజలోంచి వచ్చి పనిదొంగల పాలైనవే. పత్రికల వాళ్లం ఈ మాటలకు పాత అర్థం అక్కర్లేదన్నట్టు వాడేశాం. ఇప్పుడు ఒక విలేకరి అచ్చంగా పాత అర్థంలో వాడితే జనం నొచ్చుకుంటున్నారు. ఆ నొప్పిలో మా వాటా ఉంది.

చంద్రగిరి మాస్టారు:
అయ్యా, ఈ మాట మీ నోట వినడం నాకు తృప్తిగా ఉంది. అయితే ఆ వార్త మీ చేతికి వచ్చుంటే ఏం చేసేవారు?

రిటైర్డ్ సబెడిటర్:
“గా” కొట్టేసేవాణ్ని. “బైరాగి వేషాలు వేసి మొక్కుబడి చెల్లించారు.” నామవాచకంగా ఉన్నంతసేపు ఆ మాటలో భక్తి ఉంది. “గా” తగిలించి క్రియ ముందు పెట్టగానే పని ఎట్లా చేశారో చెప్పే మాటైపోతుంది, అలసత్వం అక్కడ దూరుతుంది.

పలమనేరు రైతుబిడ్డ:
పంట పండెనేని పల్లెకు మేల్సేతు
ననుచు గంగతోడ నన్న రైతు
చెట్టు నీడ చదువు చిన్నారులకు గట్టి
మొక్కు దీర్చె నతడు మొక్కు బడిగ

పారే నీరు పారు నీరైనట్టు, అందరూ మొక్కే బడి మొక్కు బడి. విడదీసి చదవండి.

పుత్తూరు అమ్మాయి:
రెండుసార్లు చదివాక తెలిసి గట్టిగా చప్పట్లు కొట్టేశాను, మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఏం కట్టాడో చివరి మూడక్షరాల దాకా చెప్పలేదు! చెకి చి యతి, “చిన్నారులకు గట్టి” గణవిభజన అన్నీ సరే.

నిర్వాహకుడు:
ఈ వారం పూరణ పలమనేరుదే. నగరి తమ్ముడి అద్దం నాకు ఇంకా కళ్లముందే ఉంది, అదీ చెప్పాలి.

విలేకరి సంగతి. మా అవ్వ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడేసి దేవుడి గూట్లో పెట్టి, “అది మొక్కుబడి, తాకబాకండి” అనేది. ఏటా గంగమ్మకు తిరుమల నుంచి ఆడబిడ్డ సారె వచ్చే రోజు ఆ గుడ్డ దించేది. ఆ విలేకరి ఇంట్లోనూ అట్లాంటి అవ్వ ఉండుంటుంది. మాట తప్పు కాదు. సబెడిటర్ గారు చెప్పినట్టు తోకే తప్పు. దిద్దమని ఆ పత్రికకు ఉత్తరం రాశాను, మొక్కుబడి అనే మాటనే తీసేయవద్దని కూడా రాశాను.

ఆ కుర్రాడు ఇవాళ తోటి వేషంలో, ఒళ్లంతా బొగ్గుపొడితో మా అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. పలమనేరు పద్యం వినిపించాను. చివరి పాదం దగ్గర ఆపి, “ఇంకోసారి చెప్పన్నా” అన్నాడు.