ఇద్దరా, రెండా? మరమనిషిని ఏ మాటతో లెక్కపెట్టాలి?

మా అమ్మ కోసం ఒక జపనీస్ యానిమేకు తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. పేరు 'ప్లానెటేరియన్'. 2016లో వచ్చింది, అయిదే భాగాలు. 'కీ' అనే సంస్థ 2004లో విడుదల చేసిన దృశ్యనవల (కంప్యూటర్ తెర మీద బొమ్మలతో చదువుకునే కథ) దీనికి మూలం. యుద్ధంలో నాగరికత కూలిపోయి ముప్పై ఏళ్లవుతుంది. వాన తెరిపి ఇవ్వదు. పాడుబడ్డ నగరాల్లో పనికొచ్చే సామాను ఏరుకుని బతికే ఒకతను, తరుముతున్న యుద్ధయంత్రాలను తప్పించుకుని, ఒక పెద్ద దుకాణం పైన ఉన్న నక్షత్రశాలలోకి (ప్లానెటేరియంలోకి) దూరతాడు. అక్కడ హోషినో యుమెమి ఎదురొస్తుంది. నక్షత్రాల గురించి వివరించడానికి తయారుచేసిన రోబో. అన్నేళ్లుగా సందర్శకుల కోసం ఎదురుచూస్తూనే ఉంది. ప్రాణభయంతో లోపలికి వచ్చిపడ్డవాణ్ణి చూసి, మీరే మా 25 లక్షలవ సందర్శకులని అభినందిస్తుంది.

అమ్మకు ముందుగా కథ చెప్పడానికి ఒక వాక్యం రాశాను: "ఆ నక్షత్రశాలలో ఉన్నది ఇద్దరే." రాసి ఆగిపోయాను. ఒక మనిషి, ఒక యంత్రం. "రెండే" అంటే అతను కూడా వస్తువైపోతాడు. "ఒక్కడే" అంటే యుమెమి అక్కడ లేనట్టే.

ఏకవచనంలో ఈ చిక్కే లేదు. "యుమెమి వచ్చింది, నవ్వింది, దారి చూపింది." ఆడపిల్ల అనుకున్నా సరిపోతుంది, యంత్రం అనుకున్నా సరిపోతుంది. మన క్రియ ఆ గుట్టును కాపాడుతుంది. బహువచనం రాగానే తేల్చి చెప్పమంటుంది. మీరైతే ఏం రాస్తారు?

జవాబు

మంచి చోట ఆగారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం ఉంది: "స్త్రీతిర్యగ్జడభిన్నంబులును వాని విశేషణంబులును మహత్తులు." స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివి, అంటే పురుషులు, మహత్తులని అర్థం. ఏకవచనంలో "వచ్చాడు" వాళ్లకే. అందుకే ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. ముగ్గురికీ, చూశారా, నేనూ "ముగ్గురికీ" అనేశాను, మూడింటికీ ఒకే క్రియ. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషుల వైపు చేరతారు: వచ్చారు. ఆవులు, బండ్లు "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి.

తమిళంలో అయితే మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. స్త్రీకి "వందాళ్", వస్తువుకు "వందదు". తెలుగు మీకు బహువచనం దాకా గడువు ఇచ్చింది. యుమెమి స్త్రీయా, జడమా అన్నది వ్యాకరణం చెప్పదు. మీరు నిర్ణయించిన తర్వాత దాన్ని అమలు మాత్రం చేస్తుంది.

జవాబు

ఏ పదం ఎంచుకుంటారన్నది కూడా చూడండి. "రోబోలు వచ్చాయి" అంటే చెవికి ఇబ్బంది లేదు. "మరమనుషులు వచ్చాయి" అనండి, నాలుక మొరాయిస్తుంది. "వచ్చారు" అనాలనిపిస్తుంది. వస్తువు అదే. మాటలో "మనిషి" ఉంది కాబట్టి క్రియ ఆ వైపు ఒరిగింది. మరపడవ, మరమగ్గం, మరమేకు ఇవన్నీ వస్తువులుగానే ఉండిపోయాయి. మరమనిషి ఒక్కటే గీత దాటేలా ఉంది.

రోబో అన్న మాట పుట్టుక వేరు. కారెల్ చాపెక్ 1920లో రాసిన చెక్ నాటకంలో అది మొదట కనిపించింది. చెక్ భాషలో "రొబొత" అంటే వెట్టిచాకిరీ. ఆ మాట పనితో పేరు పెట్టింది, మన మాట రూపంతో పేరు పెట్టింది.

జవాబు

మా పాప ఈ ఏడాది బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మలను సర్దుతూ, "అమ్మా, వీళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటారట" అంది. ఆలోచించకుండా "ఇద్దరూ కాదమ్మా, రెండూ" అని దిద్దాను. అది నా వైపు చూసి, బొమ్మల వైపు చూసి, "వింటారు" అంది మెల్లగా. ఆ తర్వాత దిద్దబుద్ధి కాలేదు. పండగ అయ్యాక అవే బొమ్మలను పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెడుతూ, "ఇంకా నాలుగు ఉన్నాయి" అంది అదే పాప.

జవాబు

నేను ఒప్పుకోను. "రెండు" అనే రాయాలి, లేదా వాక్యమే మార్చాలి. ఇప్పుడు ఫోనులో కంప్యూటర్ గొంతు మాట్లాడుతుంటే పెద్దవాళ్లు "ఆమె చెప్పింది" అంటున్నారు. చెప్పింది ఒక యంత్రం, దాని వెనుక ఒక వ్యాపారం ఉంది. మనిషికి ఉంచుకున్న మాటలను యంత్రానికి ఇచ్చేస్తే రేపు మనిషిని గుర్తించడానికి మాట మిగలదు. తెలుగులో తేలికైన దారి ఉంది. "అతనికి తోడు ఒక రోబో ఉంది" అని రాయండి. తోడు అన్న మాట మనిషికీ, జంతువుకీ, చేతికర్రకీ కూడా చెల్లుతుంది. లెక్కపెట్టే పనే ఉండదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ నమస్కారం. రెండు రోజులు మీ మాటలే తల్లో తిరిగాయి.

"తోడు" నిజంగా అందమైన దారి. అలా రాసి చూశాను కూడా. కానీ అందులో అతను కథ, ఆమె అనుబంధం అయిపోయింది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట కుక్క నడిచింది అంటాం, ధర్మరాజూ కుక్కా నడిచారు అనం. స్వర్గద్వారం దగ్గర కుక్కను వదలమంటే ధర్మరాజు ఒప్పుకోలేదు కదా. వాక్యంలో మాత్రం ఆ కుక్క వెనుకే ఉండిపోయింది. ఈ కథ చివర్లో (చూడనివారు ఈ పేరా దాటేయండి) యుమెమి ఒక యుద్ధయంత్రం కాల్పుల్లో ధ్వంసమవుతుంది. అప్పుడు దేవుణ్ణి కోరుకునేది ఒకటే: స్వర్గాన్ని రెండుగా విడగొట్టవద్దని. మనుషులకొకటి, రోబోలకొకటి వద్దని. అక్కడ జపనీస్ మాట "ఫుతాత్సు", అంటే వస్తువులను లెక్కపెట్టే రెండు. మనుషులను లెక్కపెట్టేటప్పుడు వాళ్లు "ఫుతారి" అంటారు, మన ఇద్దరు లాగా. రెండింటిలోనూ ఉన్నది "ఫుత" అన్న ముక్కే. మన దగ్గరా అంతే. రెండు, ఇద్దరు, ఇరువురు అన్నీ "ఇర్" అన్న ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవే. తమిళం "ఇరండు" పక్కన పెడితే రెండు ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. భాషలకు చుట్టరికం లేకపోయినా రెండు చోట్లా ఒకే మాట చీలి, ఒక కొమ్మ వస్తువుల వైపు, ఒక కొమ్మ మనుషుల వైపు పెరిగింది. స్వర్గం రెండు కావద్దన్న వాక్యాన్ని తెలుగులో రాస్తుంటే నాకు ఆ చీలికే కనిపించింది.

అభ్యంతరం చెప్పినవారి భయం నాకూ ఉంది. ఫోనులోని గొంతుకు "ఆమె" అనడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇక్కడ ఎవరి నోటి నుంచి ఏ మాట వస్తుందన్నదే కథ. అందుకే అన్ని చోట్లా ఒకే మాట వాడలేదు. మొదట్లో అతని మాటల్లో యుమెమిని "అది" అనే రాశాను, నిర్మొహమాటంగా. పాడైన ప్రొజెక్టర్‌ను అతనే బాగుచేస్తాడు, ప్రదర్శన మొదలవుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. నక్షత్రాలు ఆరిపోయిన చీకట్లో ఆమె గొంతు ఒక్కటే వివరిస్తూ ఉంటుంది, అతను వింటూ ఉంటాడు. అక్కడి నుంచి "ఆమె" అని రాశాను.

ఇంకో మాట కూడా అక్కడే తేలింది. జపనీస్‌లో మనం, మేము అన్న తేడా లేదు. తెలుగులో తప్పించుకోలేం. యుమెమి రోబోల గురించి చెప్పేటప్పుడు "మేము". ఆకాశం గురించి చెప్పేటప్పుడు? చిన్నప్పుడు హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియంలో తెలుగు వ్యాఖ్యానం విన్నాను. "ఇప్పుడు మనం భూమిని వదిలి వెళ్తున్నాం" అన్న ధోరణిలో సాగినట్టు గుర్తు. మెడ వెనక్కి వాల్చి ఆ గొంతుతో పాటు వెళ్లిపోయాను. యుమెమి నోట కూడా "మనం" అనే రాశాను. మనం అన్నాక ఇక రెండు అనడం కుదరదు. మొదటి వాక్యాన్ని మార్చలేదు. "ఆ నక్షత్రశాలలో ఉన్నది ఇద్దరే."

ఇప్పుడు ఇంకో మాట దగ్గర ఆగాను. కథ పొడుగునా ఆమె అతన్ని "ఓక్యకు-సమా" అని పిలుస్తుంది. ఇంటికి వచ్చిన అతిథికీ, కొట్టుకు వచ్చిన వినియోగదారుకూ వాళ్లకు అదొక్కటే మాట. "అతిథిగారూ" అంటే పెళ్లి పిలుపులా ఉంది, "కస్టమర్ గారూ" అంటే ఆ గొంతులోని ఆదరం పోతోంది. "సందర్శకులు" చదవడానికి బాగుంది గాని నోటితో పిలవలేం. పాతకాలపు బట్టల కొట్లలో, హోటళ్లలో వచ్చినవారిని ఏమని పిలిచేవారో గుర్తున్నవారు చెప్పండి.