అప్‌డేట్: 'ఆఫ్ మైస్ అండ్ మెన్' మాటలు మా అమ్మాయికి పట్టుబడ్డాయి

పోయిన వారం ఇక్కడ అడిగాను కదా, డాలస్‌లో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి అమెరికా రచయిత స్టయిన్‌బెక్ పొలం కూలీల మీద రాసిన ఈ నవల (1937)లోని మాటలూ పాత్రలూ గుర్తుండాలంటే ఏం చెయ్యాలని. బట్టీ మాన్పించి ఒక్కో మాటనీ ఒక్కో మనిషికి తగిలించమన్నారు. అదే చేశాం.

'బిండిల్' అంటే పని వెతుక్కుంటూ తిరిగే కూలీలు జార్జ్, లెనీ భుజాన మోసుకొచ్చే దుప్పటి చుట్ట. 'స్వాంపర్' క్యాండీ, యంత్రంలో చెయ్యి పోయాక ఊడ్చే పనికి పెట్టిన ముసలాయన. 'స్కిన్నర్' దగ్గరే తంటా వచ్చింది. తోలు ఒలిచేవాడనుకుంది. కాదమ్మా, కంచర గాడిదల్ని తోలేవాడు, స్లిమ్ అన్నాను. మన 'తోలు'కి రెండర్థాలూ ఉన్నాయని తెలిసి పడీపడీ నవ్వింది. ఇక మరచిపోదు.

గుర్రపుశాల పనివాడు క్రూక్స్ దగ్గర మాత్రం ఆగిపోయాం. నల్లజాతివాడని అందరూ పడుకునే బంక్‌హౌస్‌లోకి రానివ్వరు, గుర్రపుశాల పక్క గదిలో ఒక్కడే ఉంటాడు. అక్కడ నలిగిపోయిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ (ఆ రాష్ట్ర పౌర చట్టాల పుస్తకం) ప్రతి ఒకటి. "అదెందుకు దాచుకున్నాడమ్మా?" అంది. ఆ రాత్రి పదకొండు దాకా దాని గురించే మాట్లాడుకున్నాం.

నిన్న పరీక్షలో క్రూక్స్ గురించే రెండు పేజీలు రాసిందట. మార్కులింకా రాలేదు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.