సీసా 33 సెంట్లకి ఇంట్లో చేసిన బీర్ మంచి బీర్ అవుతుందా?

పుల్లట్టు (ప్లేనో, టెక్సస్)

పోయిన శనివారం నలుగురు స్నేహితుల్ని పిలిచి గారెలు, కోడికూర పెట్టి, నేను చేసిన బీర్ పోశాను. ఒకాయన రెండు గ్లాసులు తాగి "భలే ఉందిరా" అన్నాడు. మూడోది పోస్తూ ఖర్చు ఎంతైందో చెప్పాను. గ్లాసు పైకెత్తి లైటు వెలుతుర్లో చూసి, "అదే అనుకున్నా, కొంచెం పల్చగా తగుల్తోంది" అన్నాడు. రెండు గ్లాసుల వరకు లేని పల్చదనం మూడో గ్లాసుకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ పెడుతున్నా.

నా లెక్క ఇది. 25 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బస్తా 58 డాలర్లు. 19 లీటర్ల బీరుకి 4 కిలోలు పడుతుంది, అంటే తొమ్మిది డాలర్ల చిల్లర. బీరుకి చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వుల్లో కాస్కేడ్ రకం పౌండు బరువు ప్యాకెట్టు 18 డాలర్లకి కొని ఫ్రీజర్లో పెట్టుకున్నా, ఒక్కో విడతకి 45 గ్రాములు, దాదాపు రెండు డాలర్లు. పులియబెట్టే ఈస్ట్ పొడి ఆరు డాలర్ల ప్యాకెట్టుని నాలుగు విడతలకి వాడతాను, అడుగున దిగిన మడ్డి దాచుకుని. మూతలు, సీసాల్లో వేసే పంచదార, గ్యాసు కలిపి ఇంకో మూడున్నర. మొత్తం 16 డాలర్లు. మడ్డి పోను 48 సీసాలు వచ్చాయి. నాలుగున్నర శాతం ఆల్కహాల్.

ఇది మంచి బీరే అని నా వాదన. చవకది కాబట్టి "పర్వాలేదు" అని సరిపెట్టుకోవడం కాదు. నిజంగానే మంచిది. కాదనేవాళ్ళు రండి.

సియాటిల్_చేదు

వచ్చాను బ్రదర్. మీది చెడ్డ బీర్ అని అనను. తప్పు లేని బీర్ అంటాను. తప్పు లేకపోవడం వేరు, బాగుండటం వేరు. పప్పు మాడలేదు, ఉప్పు సరిపోయింది అంటే దాన్ని మంచి పప్పు అనేస్తామా?

నేనుండే చోటినుంచి యాకిమా లోయ రెండున్నర గంటల డ్రైవ్. ఈ దేశంలో పండే హాప్స్‌లో ఎక్కువ భాగం అక్కడివే. కోత రోజుల్లో కిటికీ దించితే కారంతా వాసన. అలాంటి సిట్రా, మొజాయిక్ రకాల హాప్స్ 19 లీటర్లకి 250 గ్రాములు వేస్తే గాని నాకు కావాల్సిన బీర్ రాదు. హాప్స్‌కే మీ మొత్తం ఖర్చు దాటిపోతుంది. మీ 45 గ్రాములతో చేదు వస్తుంది, సువాసన రాదు. ఒకసారి నేనూ కక్కుర్తి పడ్డాను. సేల్‌లో సగం ధరకి వచ్చిన పాత స్టాకు కొన్నాను. ప్యాకెట్టు విప్పితే వారం ఉతకని సాక్సుల వాసన. అయినా వేశాను. 19 లీటర్లూ సింకుకి పోశాను.

ఆవకాయకి చవక నూనె పోస్తామా చెప్పండి.

లీడ్స్_వదిన

సియాటిల్ గారూ, మీ పోలిక బాగుంది కానీ సగమే నిజం. చవక బీర్ అంటే ఏమిటో ఇంగ్లండ్‌లో చూసినవాళ్ళం చెబుతాం, వినండి. ఇక్కడ ఇంట్లో బీర్ చేసుకోవాలంటే లైసెన్సు కావాలన్న రూలుని 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ తీసేశాడు. ఆ తర్వాత కిట్లు ఊరంతా పాకాయి. డబ్బాలో చిక్కటి మాల్ట్ పాకం, మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. దానికి కిలో పంచదార కలుపుకోండి, 40 పైంట్లు (దాదాపు 23 లీటర్లు) వస్తాయి అని రాసి ఉంటుంది.

నేను చదువుకునే రోజుల్లో మా ఇంటి ఓనరు హీటరు పక్కనే బకెట్టు పెట్టి ఇదే చేసేవాడు. పెద్దమనిషి కాబట్టి కాదనలేక తాగేదాన్ని. నీళ్ళలా పల్చగా, పుల్ల యాపిల్ రసంలా, తాగాక తలనొప్పి. చవక బీర్ అంటే ఇంతే అనుకున్నాను. పంచదార వల్లే ఇలా అయిందని అందరూ అనేవారు. పెళ్ళయ్యాక నేను, మావారు చేయడం మొదలుపెట్టి అదే కిట్టు, అదే కిలో పంచదారతో ఒకసారి పరీక్షకి చేశాం. మూడు మార్పులే చేశాం. డబ్బా మీద తేదీ చూసి కొత్తది కొన్నాం. పొట్లంలో ఈస్ట్ చాలదని మంచి ప్యాకెట్టు ఒకటి విడిగా కొన్నాం. బకెట్టు హీటరు పక్కన కాకుండా మెట్ల కింద 18 డిగ్రీల్లో పెట్టాం. పల్చదనం పోలేదు, పంచదార చేసేది అదే. పులుపూ తలనొప్పీ మాత్రం పోయాయి. బెల్జియంలో వెస్ట్‌మాల్ ట్రిపెల్‌లో కూడా పంచదార వేస్తారు. తొమ్మిదిన్నర శాతం ఉండే ఆ బీరుకి పంచదార వల్లే ఆ తేలికదనం. దాన్ని ఎవరూ చవక బీర్ అనరు.

ఈస్ట్ మీద పెట్టిన రెండు పౌండ్లు మాత్రం వదులుకోను. పొదుపు చేయకూడనిది అదొక్కటే.

పుల్లట్టు (ప్లేనో, టెక్సస్)

వదినగారూ, మీరు చెప్పింది నాకు ఇంకో దారిలో తెలిసింది. సియాటిల్ బ్రదర్ ఆవకాయ ఎత్తారు కదా, దానికీ జవాబు ఇందులోనే ఉంది.

నా మొదటి మూడు విడతలూ ఆసుపత్రి వాసన. పట్టీ మందు, డెట్టాల్ కలిపినట్టు. మా ఆవిడ వాసన చూసి "దెబ్బ తగిలితే రాసుకోవచ్చు" అంది. చవక మాల్ట్ వల్ల అనుకుని నాలుగోసారి బస్తాకి రెట్టింపు ధర పెట్టి జర్మన్ మాల్ట్ కొన్నాను. అదే డెట్టాల్. చివరికి తేలింది, తప్పు కుళాయి నీళ్ళది. మా ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేయడానికి క్లోరమిన్ కలుపుతారు. మామూలు క్లోరిన్ మరిగిస్తే పోతుంది, ఇది అంత తేలిగ్గా పోదు. మాల్ట్, ఈస్ట్‌లోని పదార్థాలతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. మందు ఏమిటంటే క్యాంప్‌డెన్ మాత్ర, క్లోరమిన్‌ని విరిచే సల్ఫైట్ మాత్ర. ఒక్క మాత్ర 75 లీటర్ల నీళ్ళకి సరిపోతుంది. సగం విరిచి, పొడి చేసి నీళ్ళలో కలిపాను. ఐదోసారి చవక బస్తాతోనే చేశాను. డెట్టాల్ లేదు.

కాబట్టి ఆవకాయ చవక కాయ వల్ల పాడవదు బ్రదర్, తడి గరిటె పెడితే పాడవుతుంది. నేను చూసిన చెడిపోయిన బీర్లలో పదికి తొమ్మిది తడి గరిటె బాపతే. సరిగ్గా కడగని గొట్టం, వేడి గది, ఆగలేక వారానికే సీసాల్లో నింపేయడం.

కెగ్_బావ (ఎడిసన్)

మీరంతా సామాను ఖర్చు ఎందుకు దాస్తున్నారు? నేను కూడా "సీసా 40 సెంట్లే" అని మా ఆవిడకి చెప్పే మొదలుపెట్టాను. స్టీలు గిన్నె, పంపు, పాత ఫ్రిజ్, దానికి టెంపరేచర్ కంట్రోలరు, బీర్ నింపే స్టీలు పీపాలు (కెగ్గులు) నాలుగు, గ్యాస్ సిలిండరు. ఒకరోజు ఆవిడ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చుంది. రెండేళ్ళకి 3,100 డాలర్లు. చేసిన బీర్ లెక్కేసి భాగిస్తే సీసా ఐదున్నర డాలర్లు. "బార్‌లో తాగినా ఇంతే అయ్యేది, గ్యారేజీలో కారన్నా పట్టేది" అంది. జవాబు లేదు నా దగ్గర.

దానికి తోడు శనివారం ఐదు గంటలు పోతాయి. మీ గంట జీతం వేసుకోండి.

పుల్లట్టు (ప్లేనో, టెక్సస్)

బావా, గంట జీతం లెక్కేస్తే ఆదివారం బిర్యానీ కూడా నష్టమే. నా సామాను 90 డాలర్లలోపు. 35 లీటర్ల అల్యూమినియం గిన్నె, మాల్ట్ గింజ నానబెట్టే గుడ్డ సంచి, రెండు ప్లాస్టిక్ బకెట్లు, మూతలు బిగించే పరికరం. సీసాలు స్నేహితులు తాగి పడేసినవే. గోధుమరంగువి మాత్రమే తీసుకుంటాను, ఆకుపచ్చ సీసాలో ఎండ తగిలితే కంపు కొడుతుంది. నీ పంపూ సిలిండరూ బీర్ రుచికి కాదు, నీ సరదాకి. తప్పేం లేదు. కానీ దాన్ని బీర్ ఖాతాలో రాయకు.

లొట్టి (నల్గొండ)

అన్నలూ, నేను బీర్ చేయను, చదువుతున్నా అంతే. మా తాతలది గీత వృత్తి. ఒక మాట చెప్తా.

పొద్దున ఆరింటికి చెట్టు మీదినుంచి దించిన ఈతకల్లు తియ్యగా ఉంటది. పది దాటితే పొంగుతది. మధ్యాహ్నానికి పులుపు, ఘాటు. అదే చెట్టు, అదే లొట్టి, అదే ధర. లొట్టికి సున్నం రాస్తే పులియకుండ నీరా అయితది. దానికన్నా చవకైన పానీయం ఏముంది? మంచిదా చెడ్డదా అన్నది ఎప్పుడు తాగినవన్న దాని మీద ఉంటది, ఎంతకు కొన్నవన్న దాని మీద కాదు.

అయితే చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట ఏమైందో మీకూ తెలుసు. క్లోరల్ హైడ్రేట్ కలిపిండ్రు, ఆల్ప్రాజోలం కలిపిండ్రు, మనుషులు పోయిండ్రు. చవకగా చేసి అమ్ముకునేటోడికి, చవకగా చేసి తనే తాగేటోడికి తేడా అక్కడే. ఇంట్లో చేసుకునేటోడు తన గ్లాసులో తనే ఏం కలుపుకుంటడు?

నిర్వాహకుడు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇండియాలో చాలా రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీర్ చేయడం నేరం, తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 19 లీటర్ల విడతలు 40 దాకా, సొంతానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా దించడం ఈ చట్టంలోకి రాదు. ఆ ప్రశ్నలు ఇక్కడ వేయకండి, తీసేస్తాను.

సియాటిల్_చేదు

లొట్టి తమ్ముడు చెప్పింది నచ్చింది. కానీ పుల్లట్టు గారు ఒకటి దాటేశారు. టెక్సస్ ఎండల్లో ఫ్రిజ్ లేకుండా ఏల్ (మీరు చేసే రకం బీర్) ఎలా చేస్తారు? ఈస్ట్‌కి 18–20 డిగ్రీలు కావాలి. పులిసేటప్పుడు బకెట్టు గది కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే వేడెక్కుతుంది. 26 డిగ్రీల గదిలో పెడితే లోపల 30. అప్పుడు వచ్చేది వదినగారి ఓనరు బీరే. మీ 16 డాలర్లలో ఏసీ బిల్లు ఎక్కడుంది?

పుల్లట్టు (ప్లేనో, టెక్సస్)

మంచి ప్రశ్న. బకెట్టుని నీళ్ళు పోసిన తొట్టిలో నిలబెట్టి, పాత టీషర్టు తొడిగి, అంచు నీళ్ళలో తడిసేలా వదిలి, టేబుల్ ఫ్యాను ముందు పెడతాను. మా అమ్మమ్మ మంచినీళ్ళ కుండకి తడిగుడ్డ చుట్టినట్టే. నాలుగు డిగ్రీలు తేలిగ్గా దిగుతుంది. పొద్దునా సాయంత్రం ఒక ఐసు సీసా వేస్తే ఇంకో రెండు.

జూలై, ఆగస్టుల్లో ఇది కూడా చాలదు, ఒప్పుకుంటాను. అప్పుడు నార్వే పల్లెల క్వైక్ ఈస్ట్ వాడతాను. దానికి 35 డిగ్రీలే ఇష్టం. గ్యారేజీలో వదిలేస్తే నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది. మడ్డిని కాగితం మీద ఎండబెట్టి వడియాల్లా డబ్బాలో దాచుకోవచ్చు.

గంజి_గురువు (మెల్‌బోర్న్)

సంచిలో గింజ నానబెట్టి చేసే ఈ పద్ధతి మా ఆస్ట్రేలియా వాళ్ళదే, ఆ గొప్ప కాస్త మాకు వదలండి.

నేను బియ్యంతో చేస్తాను. కిలో బియ్యం, మూడు కిలోల పిల్స్‌నర్ అనే లేత రంగు మాల్ట్. బియ్యంలోని పిండి 65 డిగ్రీల దగ్గర కరగదు, అందుకే ముందే మెత్తటి జావగా ఉడికించాలి. మొదటిసారి ఆ జావని మాల్ట్ నీళ్ళలో కలిపినప్పుడు గరిటె నిలబడిపోయింది. పని అయిపోయింది, పెరుగు కలుపుకుని తినేద్దాం అనుకున్నా. తిప్పుతూనే ఉన్నాను. పది నిమిషాలకి గరిటె కదిలింది. పావుగంటకి నీళ్ళయిపోయింది. మాల్ట్‌లోని ఎంజైములు గంజిని కోసి చక్కెర చేస్తున్నాయి, కళ్ళ ముందే. గంట తర్వాత తెల్ల పళ్ళెంలో చుక్క వేసి అయోడిన్ తాకించాను. నల్లబడలేదు, పిండి మిగల్లేదన్నమాట. ఏల్ ఈస్టే వేసి 17 డిగ్రీల్లో పెట్టాను.

పొదుపు కోసం అనుకుంటున్నారేమో, కాదు. బస్తా లెక్కన కొంటే ఇక్కడ మాల్ట్ కూడా చవకే. ఆ తేలిక రుచి, గాజులా మెరిసే రంగు కోసం చేస్తాను. సియాటిల్ గారూ, ఇందులో హాప్స్ 25 గ్రాములే. ఇంకో 25 వేస్తే పాడవుతుంది. డబ్బు పోసిన కొద్దీ బాగుపడే బీర్లు కొన్నే.

సియాటిల్_చేదు

సరే, ఈ మాట ఒప్పుకుంటున్నా. బ్లాండ్, బియ్యం బీర్, మైల్డ్ లాంటి తేలిక రకాలు చవకగా చేసి గొప్పగా చేయొచ్చు. నాకు ఇష్టమైన, హాప్స్ దండిగా వేసే ఐపీఏ రకం మాత్రం 16 డాలర్లకి రాదు, వచ్చిందని ఎవరైనా అంటే నమ్మను.

ఇంకోటి. ఐపీఏ ఆలస్యంగా తాగితే వాసన చచ్చిపోతుంది. మీ బీర్ నెల ఆగినా ఫరవాలేదు. ఖరీదైనది నాది, టెన్షనూ నాదే. ఈ నెల ఒక విడత మీ లెక్కన చేసి చూస్తాను.

లీడ్స్_వదిన

చేయండి. కానీ ఈస్ట్ కొత్త ప్యాకెట్టు కొనండి. పుల్లట్టు గారిలా నాలుగు విడతలు తిప్పడం మొదటిసారే వద్దు.

కెగ్_బావ (ఎడిసన్)

నేను కూడా గిన్నె, సంచి పద్ధతికి దిగుతున్నా, పంపు అమ్మేస్తున్నా, ఎవరికైనా కావాలంటే చెప్పండి. ఒక్క డౌట్. సంచి కొనాలా, లేక ఇంట్లో పాత పంచె ఉంది, కుట్టించనా?

గంజి_గురువు (మెల్‌బోర్న్)

పంచె వద్దు బావగారూ. నేను ఆ పని చేశాను. నేత మరీ దగ్గర, నీళ్ళు దిగవు. గ్యారేజీ కొక్కానికి వేలాడదీసి రెండు గంటలు పిండుతూ కూర్చున్నాను. పక్కింటాయన వచ్చి పనీర్ చేస్తున్నావా అని అడిగాడు. పల్చటి పాలియెస్టర్ కర్టెన్ గుడ్డ తీసుకోండి, ఒకటిన్నర మీటరు చాలు.