పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి, షుగర్ ఉన్న అమ్మకి వీలుగా ఇల్లు, పెరడు: ఫ్లోరింగ్‌కి ముందే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నల్గొండలో ఇల్లు కట్టిస్తున్నాం. వచ్చే నెల ఫ్లోరింగ్. నాన్నగారికి పార్కిన్సన్స్. గుమ్మం దగ్గరికి రాగానే అడుగు పడక నిలబడిపోతారు. అమ్మకి షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గింది, కానీ మొక్కలు లేకపోతే ఉండలేదు. గడపలు తీసేద్దామంటే ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు గడప సంగతి. ఈ జబ్బులో గుమ్మాల దగ్గర, ఇరుకు చోట్ల, మలుపుల్లో కాళ్లు కదలకపోవడం చాలామందికి ఉంటుంది. లోపలి గదులకి, బాత్రూంకి గడప వద్దే వద్దు. సింహద్వారానికి మాత్రం కర్ర గడప ఉంచి, రెండువైపులా నేలని దాని మట్టానికి తెప్పించండి. అమ్మగారు పసుపు రాసి బొట్లు పెట్టుకుంటారు, నాన్నగారికి కాలెత్తి దాటే పని ఉండదు. వరండాకి బయటివైపు కాస్త వాలు ఇస్తే వాన నీళ్లు లోపలికి రావు.

నేల మీద ఒక్కో అడుగు వేసేంత దూరంలో అడ్డగీతలుంటే, వాటిని దాటుతూ కొందరు బాగా నడుస్తారు. అందరికీ పనిచేయదు. టైల్స్ కొనకముందే ఇప్పుడున్న ఇంట్లో రంగు టేపు అతికించి నడిపించి చూడండి, ఫిజియోథెరపిస్టుని కూడా అడగండి. మెరిసే టైల్స్ వద్దు.

ర్యాంపుకి 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. స్థలం లేదని మేస్త్రీ నిటారుగా పోసేస్తానంటే ఒప్పుకోకండి.

మరో జవాబు: కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకునే స్టీలు రాడ్లు టైల్స్ వేయకముందే ప్లాన్ చేయండి. తువ్వాలు ఆరేసే రాడ్ మనిషి బరువు ఆపలేదు. ఇటుక గోడలోకి గట్టిగా దిగాలి. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూసి అక్కడే గుర్తు పెట్టండి. కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాలుంటే లేవడం తేలిక.

ఇంకొకరి జవాబు: నేను అమ్మగారి పెరడు గురించే చెప్తాను. నేల మీద మడులు వద్దు. రెండున్నర అడుగుల ఎత్తున గట్టు కట్టించి మట్టి పోయండి. గోడవారగా అయితే వెడల్పు 2 అడుగులు మించితే చెయ్యి అందదు. బెండ, వంగ, తోటకూర అన్నీ వస్తాయి. పక్కనే కూర్చోడానికి నీడలో ఒక అరుగు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం చెప్పులు. మే నెల ఎండకి బండలు కాలిపోతుంటాయి, స్పర్శ లేని కాళ్లకి బొబ్బలు వచ్చేదాకా తెలియదు. దారిలో కంకర పోయకండి, నీళ్ల పైపు అడ్డంగా వదిలేయకండి. రోజూ రాత్రి అరికాళ్లు మీరే ఒకసారి చూడండి.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలండీ, సగం టెన్షన్ తగ్గింది. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టారు. మార్పించాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు: తప్పకుండా మార్పించండి. లోపల తలుపు వెనక పడిపోతే బయటి నుంచి తోయలేం. బయటికి తెరుచుకోవాలి, వెడల్పు 3 అడుగులు ఉండాలి. గడియ కూడా బయటి నుంచి తీయగలిగే రకమే పెట్టించండి.