అప్‌డేట్: మోకాళ్ల మీద ఉన్నాయన క్షమాపణ అడగట్లేదట!

పోయిన వారం అడిగాను కదా, నేను కొన్న పాత చెక్క అచ్చు బొమ్మలో (చెక్క దిమ్మ మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన చిత్రం) రాజు ముందు మోకరిల్లిన పెద్దమనిషి ఎవరు, ఏం తప్పు చేశాడు అని. తప్పేమీ లేదండి. ఆయన జర్మనీలోని నురెంబర్గ్ కోట ప్రభువు (బర్గ్రేవ్) ఫ్రెడరిక్. 1417 ఏప్రిల్‌లో కాన్‌స్టాన్స్ ఊళ్లో జర్మన్ రాజు సిగిస్మండ్ చేతుల మీదుగా బ్రాండెన్‌బర్గ్ అనే ప్రాంతాన్ని లాంఛనంగా అందుకుంటున్నాడు. బొమ్మలో నన్ను తికమకపెట్టిన జెండాలే అసలు విషయం: పెద్ద ప్రభువులకు భూమి ఇచ్చేటప్పుడు గుర్తుగా చేతికి జెండా ఇచ్చేవారు. తీసుకునేవాడు మోకరిల్లి, విధేయుడిగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. అంటే ఆ మోకాళ్ల ఖరీదు ఒక రాజ్యం! ఆయన వంశంవాళ్లే 1871లో జర్మన్ చక్రవర్తులయ్యారు.

ఈ ఘట్టం, అప్పట్లో కాన్‌స్టాన్స్‌లో జరిగిన చర్చి మహాసభ గురించి ఉల్రిష్ రిషెంటాల్ రాసిన వృత్తాంతంలోది. దాన్ని 1483లో ఆగ్స్‌బర్గ్‌లో ఆంటన్ జోర్గ్ అచ్చేశాడు. అంటే వేడుకకూ అచ్చుకూ మధ్య 66 ఏళ్లు, కాబట్టి ముఖాల పోలికలు నమ్మనక్కర్లేదు.

ఇక నా ప్రింట్ సంగతి. భూతద్దం పెట్టి చూస్తే గీతల నిండా సన్నటి చుక్కలే. చెక్క అచ్చులో చుక్కలెక్కడివి? అవి ఫొటో తీసి యంత్రం మీద అచ్చేస్తే వచ్చేవి. ఈ కాలం నకలన్నమాట. ఫ్రేమ్ మాత్రం కట్టించేశాను.